మీగడ పైనే ఉండాలి

ఇంట్లో ఆమెకి ఏదైనా ఒకటే. ఈ సంగతి మొదట ఎవరు కనిపెట్టారో ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, కనిపెట్టిన దగ్గర్నుంచీ అందరికీ ప్రాణం హాయిగా ఉంది. రొట్టె మాడితే ఆ మాడిన ముక్క ఆమెకి. పిడి విరిగిన కప్పు ఆమెకి. కారులో వెనక సీటు మధ్యన, మోకాళ్లు ముడుచుకుని కూర్చోవలసిన చోటు ఆమెకి. కొత్త తువ్వాళ్లు కొంటే తలా ఒక రంగూ ఏరుకున్నాక ఏ రంగు మిగిలితే అది ఆమెకి ఇష్టమైన రంగు. "నీకేదైనా ఒకటేగా" అంటాడు భర్త. అందులో వెటకారమేం లేదు, నిజంగా మెచ్చుకోలే. పెళ్లైన కొత్తలో బంధువులందరి ముందూ "మా ఆవిడకి పట్టింపులుండవండీ, ఎలాగైనా సర్దుకుపోతుంది" అని ఆయన అంటుంటే ఆమె మురిసిపోయింది కూడాను. ఆ మురిపెం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు. మాట మాత్రం ఉండిపోయింది.

ఆ ఆదివారం పొద్దున ఆమె మరిది చొక్కా ఇస్త్రీ చేస్తోంది. మరిదికి కొత్త ఉద్యోగం వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమే, అయినా మొదటి రోజు కెమెరాలో అందరికీ కనబడాలి కాబట్టి చొక్కాకి ఇస్త్రీ కావాలి. "పై సగం చేస్తే చాలు వదినా, కింద సగం ఎవరికీ కనబడదు" అన్నాడు, ఏదో ఆమెకి పని తగ్గించి పుణ్యం కట్టుకున్నట్టు. ఆమె నవ్వి, అలవాటు చొప్పున కింద సగం కూడా చేస్తోంది. అప్పుడు చెప్పాడు.

"వెనక గది నేను ఆఫీసుకి తీసుకుంటున్నాను వదినా. అన్నయ్య సరే అన్నాడు. రేపు బల్ల వస్తుంది."

ఇస్త్రీపెట్టె చొక్కా మీద ఆగిపోయింది. కాలిన వాసన వచ్చేదాకా ఆమెకి చెయ్యి కదపాలని తోచలేదు. "చూసుకో అమ్మాయ్" అని హాల్లోంచి అత్తగారు కేకేసింది.

ఆ వెనక గది సంగతి కాస్త చెప్పుకోవాలి. వంటింటి వెనక ఉంటుంది. చాలా ఏళ్లు దాంట్లో తిరగని ఫ్యానూ, చక్రాలూడిన సూట్‌కేసులూ, పారేయడానికి ఎవరికీ మనసొప్పని పాత పేపర్లూ ఉండేవి. కిందటేడు సెలవుల్లో ఆమె ఒక్కతే వాటన్నిటినీ బయటికి ఈడ్చి, గోడలు కడిగి, కిటికీకి పట్టిన తుప్పు గీకి, ఎవరో వదిలేసిన చేతుల కుర్చీకి కొత్త గుడ్డ కుట్టి అక్కడ వేసుకుంది. కిటికీలోంచి కనబడేది గొప్ప దృశ్యమేం కాదు. పక్కింటి వెనక గోడ, నీళ్ల పైపులు, ఎప్పుడైనా ఒక పిల్లి. "ఏం చేస్తావు ఆ గదిలో?" అని భర్త అడిగాడు. కూర్చుంటానంది. "కూర్చుని?" అన్నాడు. కూర్చుంటానని మళ్లీ అంది. ఆయనకి అర్థం కాలేదు. కూతురు దానికి 'అమ్మ వెయిటింగ్ రూమ్' అని పేరు పెట్టింది. ఇంట్లో అందరూ నవ్వుకున్నారు, ఆమె కూడా నవ్వింది. సాయంత్రం పని నుంచి వచ్చి, చెప్పులు విప్పి, వంట మొదలుపెట్టే లోపు ఆమె ఆ కుర్చీలో కాసేపు కూర్చుంటుంది. ఆ కాసేపట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందని గానీ, రేపు కరెంటు బిల్లు ఎవరు కడతారని గానీ ఎవరూ ఆమెని అడగరు. ఆ గదిలో జరిగేది అంతే. ఆ కాసేపు లేని రోజు ఆమెకి ఎవరి మాటా చెవికెక్కదు, చేతిలోంచి గిన్నెలు జారిపోతాయి.

"నీ గది నీకుందిగా" అంది మరిదితో.

"పడుకునే గదిలో పని చేస్తే బుర్ర పనిచెయ్యదు వదినా. అయినా నీకు ఎక్కడైనా ఒకటేగా."

"ఆలోచించి చెప్తాను."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న భర్త పకపకా నవ్వాడు. నిజంగానే ఆయనకి అది జోకులా వినిపించింది. "ఆలోచించడానికేముందోయ్ అందులో! సరే, సాయంత్రం అందరం కాఫీకి వెళ్తున్నాం కదా, అక్కడ తేల్చేద్దాం. వీడి పార్టీ. ఎక్కడికెళ్దాం?"

ఆ ప్రశ్న ఆమెని అడిగింది కాదు. కానీ ఆమె జవాబు చెప్పింది. "మా షాపు పక్కన కాఫీ షాపు ఉంది. అక్కడికి" అంది. ఎక్కడికెళ్దామని అడిగినప్పుడు ఆమె నోట ఒక చోటు పేరు వినడం ఆ ఇంట్లో వాళ్లకి కొత్త. ఎవరూ కాదనలేకపోయారు, కాదనడానికి కారణం చప్పున దొరక్కపోవడం వల్ల కావచ్చు.

ఆమె పనిచేసేది కళ్లద్దాల షాపులో. షాపు ముందు భాగమంతా అద్దాలూ, దీపాలూ, తళుకూ. అది యజమాని రాజ్యం. వెనక, నల్లటి తెర అవతల చీకటి గది ఉంటుంది. అది ఆమెది. వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన ఆ ఇనప చట్రాన్ని ముక్కు మీదికి దించి, గోడ మీద అక్షరాలు చూపిస్తూ అద్దాలు మారుస్తుంది. ఇది బావుందా, ఇదా? మొదటిదా, రెండోదా? పొద్దస్తమానం అదే ప్రశ్న. ఏళ్ల తరబడి అదే ప్రశ్న. ఆ ప్రశ్నకి మనుషులు ఎంత భయపడతారో ఆ గదిలో కూర్చున్న వాళ్లకే తెలుస్తుంది. పెద్ద పెద్ద ఆఫీసులు నడిపేవాళ్లు కూడా తప్పు చెప్తే ఏమవుతుందోనని గుటకలు మింగుతారు. ఆడవాళ్లయితే మరీను. "మీకెలా బావుంటే అలా ఇవ్వండి" అంటారు. "నాదేముందిలెండి, ఏదైనా ఫరవాలేదు" అంటారు. చూపు వాళ్లది, కళ్లు వాళ్లవి, అయినా ఆ మాటే.

ఇంక భర్తలు వెంట వచ్చారా, చెప్పనే అక్కర్లేదు. భార్య కుర్చీలో ఉంటుంది, ఆయన వెనక నిలబడతాడు. మొదటిదా రెండోదా అని అడగ్గానే, "ఆమెకి మొదటిదే బావుందండీ" అని వెనక నుంచి జవాబు వస్తుంది. ఆవిడ కళ్లలోంచి ఆయన ఎలా చూశాడో ఆ దేవుడికే తెలియాలి. చేరిన కొత్తలో ఆమె ఆ జవాబులే రాసుకునేది. అలా చేసిన అద్దాలు తలనొప్పి పుట్టించి వారం తిరక్కుండా వెనక్కొచ్చేవి. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరైనా వెనక నుంచి జవాబు చెప్పారంటే, దీపం వేసి, మర్యాదగా, మెల్లగా, "మీరు కాసేపు బయట కూర్చోండి, పిలుస్తాను" అంటుంది. గొంతు పెంచదు. ఆ మాటకి ఇంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆయన తెర తీసుకుని బయటికి వెళ్లాక, లోపల ఉన్నావిడ కాసేపు ఏమీ మాట్లాడదు. అప్పుడు ఆమె తొందరపెట్టదు. అద్దాలు మారుస్తూ ఉంటుంది. చివరికి ఆవిడ చిన్న గొంతుతో, "మొదటిది ఇంకోసారి చూపించండి" అంటుంది. ఇంచుమించు అందరూ ఆ మాటే అంటారు. ఆ మాట వినగానే ఆమెకి లోపల ఏదో తేలికపడుతుంది. ఇంక ఈవిడ తన చూపు తను చెప్పుకోగలదు.

"ఒక్కొక్కరికీ అంతసేపేమిటమ్మా?" అని యజమాని గొణుగుతాడు. గిరాకీ లేనప్పుడు అద్దాలు తుడిచేదీ, ఆయనకి టీ పెట్టేదీ కూడా ఆమే. బయట జనం "డాక్టరు గారూ" అని ఆయన్ని పిలుస్తారు. ఆయన కాదనడు.

ఈ మధ్య ఎండలు ముదిరాక ఒకావిడ చేతిలో పొడుగాటి గ్లాసుతో చీకటి గదిలోకి వచ్చింది. పక్క కాఫీ షాపు గ్లాసు. దాన్ని బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుంది. కింద నల్లటి కాఫీ, ఐసు ముక్కలు, పైన మందంగా తెల్లటి మీగడ. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆ మీగడ పోగులు పోగులుగా కాఫీలోకి దిగుతూనే ఉంది. చీకట్లో, గోడ మీది వెలుగులో, ఎవరి తొందరా లేకుండా దిగుతోంది. అక్షరాలు మార్చడం మర్చిపోయి ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు నుంచి ఆమెకి ఆ కాఫీ కావాలి. నవ్వొస్తుంది గానీ, కూతురు పుట్టాక ఆమె గట్టిగా కోరుకున్నవి రెండే, ఆ గదీ, ఈ కాఫీ.

కోరుకోవడం ఒకటి, చెప్పుకోవడం ఒకటి. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి లోపలికి వెళ్లింది. బోర్డు నిండా పేర్లు, పేర్ల కింద పేర్లు. ఏ కాఫీ గింజలు, ఏ పాలు, తీపి ఎంత, ఐసు ఎంత, మీగడ పైనా, కలిపా. వెనక క్యూలో ఎవరో నిట్టూర్చారు. అంతే, ఆమె కంగారుపడి "మామూలు వేడి కాఫీ" అనేసింది. భగభగలాడే ఎండలో ఆ వేడి కాఫీ ఊదుకుంటూ తాగుతుంటే తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. ఇంకోసారి గుమ్మం దాకా వెళ్లింది. షాపు నుంచి యజమాని కేకేశాడు, తిరిగి వచ్చేసింది.

సాయంత్రం అందరూ కారు దిగారు. ఆమె అందరికంటే ఆఖరున, మధ్య సీట్లోంచి పక్కకి జరుగుతూ దిగింది. కాఫీ షాపులో చల్లగా ఉంది. భర్త కౌంటరు దగ్గరికి వెళ్లి అందరి తరఫునా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకి తీపి ఎక్కువగా ఉండే చాక్లెట్ కాఫీ, తమ్ముడికీ కూతురికీ వాళ్లు అడిగినవి. అత్తగారికి గోరువెచ్చని పాలు. "అమ్మకి ఇంకేం పడవు" అన్నాడు. అత్తగారు అప్పటికే మూల బల్ల దగ్గర కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, ఆవిడా ఎవరైనా అడుగుతారని చూడలేదు.

"ఇంక మా ఆవిడకి మామూలు వేడి కాఫీ."

"నాకు ఆ చల్లటిది కావాలి" అంది ఆమె, వేలితో బోర్డు చూపిస్తూ. "క్లౌడ్ కోల్డ్ బ్రూ." ఆ పేరు ఎన్నిసార్లు మనసులో అనుకుందో గానీ పైకి అనడం అదే మొదటిసారి.

కౌంటరు వెనక ఏప్రన్ వేసుకున్న అమ్మాయి తలెత్తింది. "లైటా, డార్కా మేడమ్?"

ఆమె నోరు తెరిచేలోపు భర్త అందుకున్నాడు. "లైటేనమ్మా. ఆమెకి చేదు పడదు."

చేదు పడనిది ఆయనకి. ఆమెకి చేదు పడుతుందో లేదో ఇరవై ఏళ్లుగా పరీక్ష జరగలేదు, ఎందుకంటే ఇంట్లో కాఫీ ఆయన నోటికి తగ్గట్టే కలుస్తుంది. ఇది చెప్దామనుకుంది. ఇంతలో ఆ అమ్మాయి తీపి ఎంతని అడగడం, మామూలుగానే వెయ్యమని ఆయన చెప్పడం అయిపోయాయి. ఐసు కొంచెమే వెయ్యమన్నాడు, జలుబు చేస్తుందని. "పైన మీగడ?" అని ఆ అమ్మాయి అడిగింది. "కలిపేసెయ్. పైపైన తేలితే మూతికంతా అంటుకుంటుంది" అని చెప్పి, ఆమె వైపు తిరిగి ప్రేమగా నవ్వాడు. "అంతేగా?"

అంతేగా అన్న మాటకి ఆమె తల దానంతటదే ఊగింది. ఇది ఆమెకి తర్వాత చాలా రోజులు సిగ్గుగా అనిపించింది. తలని ఎవరూ పట్టుకుని ఊపలేదు.

గ్లాసులు వచ్చాయి. ఆమెది మట్టి రంగులో ఉంది. పోగులూ లేవు, దిగడమూ లేదు. "ఏదీ, చూద్దాం ఎలా ఉందో" అని భర్త ముందుగా ఒక గుక్క తాగి, "బావుందోయ్" అన్నాడు. కూతురు ఫొటో తీసుకుని రెండు గుక్కలు తాగింది. మరిది స్ట్రా తీసి పక్కన పడేసి తాగాడు. గ్లాసు బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వచ్చేసరికి సగమైంది, ఉన్న కాస్త ఐసూ కరిగింది. తాగి చూసింది. పిల్లల దగ్గు మందంత తియ్యగా ఉంది.

"ఎలా ఉందమ్మా?" అంది కూతురు.

"బావుంది" అంది ఆమె. అబద్ధం కూడా దానంతటదే వచ్చింది.

మరిది టిష్యూ కాగితం పరిచి పెన్నుతో గీతలు గీస్తున్నాడు. వెనక గది బొమ్మ. "బల్ల ఇక్కడ, కిటికీ దగ్గర. వెలుతురు మొహం మీద పడుతుంది. ఇటు పుస్తకాల అలమర. తలుపు ఎప్పుడూ వేసి ఉంచాలి వదినా, నేను మీటింగులో ఉన్నప్పుడు మిక్సీ వెయ్యకూడదు. టీ మాత్రం తలుపు తట్టకుండా లోపల పెట్టేసి వెళ్లిపోతే చాలు."

"మరి ఆ కుర్చీ?" అన్నాడు భర్త.

"బయట పడేద్దాం. పాతదేగా."

"కుట్టింది మీ వదినరా, పడెయ్యకు. బాల్కనీలో పెడదాం, బట్టల స్టాండు పక్కన. ఆమె అక్కడ కూర్చుంటుంది. ఆమెకి ఎక్కడైనా ఒకటేలే."

ఆమె ఆ టిష్యూ కాగితం చూసింది. కిటికీ ఉన్నచోట చిన్న గీత, కుర్చీ ఉన్నచోట బల్ల. అంత చిన్న బొమ్మలో కూడా ఆమెకి చోటు లేదు, టీ తెచ్చే తోవ తప్ప. కోపం వస్తుందనుకుంది, కానీ అంత కోపం కూడా రాలేదు. చీకటి గదిలో అప్పుడప్పుడూ అనిపించేదే అనిపించింది. ఇన్నాళ్లూ వెనక నుంచి వస్తున్న జవాబులు రాసుకుంటూ పోయాను, అందుకే ఈ తలనొప్పి. తప్పు అద్దాలు పెట్టుకుని తిరిగే మనిషికి లోకమే అలా ఉంటుందనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ మసగ్గా చూసిన వాళ్లు, సరైన అద్దం పడగానే, చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయా అని అడుగుతారు. ఆ మాట అన్న ఒక ముసలాయన ఆమెకి గుర్తొచ్చాడు. ఆయన ఏడ్చాడు కూడా.

ఆమె లేచి నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"కాఫీ చెప్పుకొస్తాను."

"అదేమిటి, ఉందిగా!"

"అది నాది కాదు" అంది ఆమె. అని, ఎవరి మొహమూ చూడకుండా కౌంటరు దగ్గరికి నడిచింది.

క్యూ లేదు. ఏప్రన్ అమ్మాయి గిన్నె తుడుస్తోంది. ఆమెని చూసి, "మీరు పక్క షాపు మేడమ్ కదూ?" అంది. "మా అమ్మకి అద్దాలు మీరే చూశారు. మా నాన్నని బయటికి పంపేశారట! ఇంటికొచ్చే చుట్టాలందరికీ ఇప్పటికీ చెప్తుంది. అప్పట్నుంచీ మా నాన్న ఎక్కడికెళ్లినా ముందు బయట కూర్చోనా అని అడుగుతున్నాడు, వేళాకోళానికి."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వాక ధైర్యం వచ్చింది. "నాకు ఇందాకటిదే కావాలి. కానీ వేరేగా."

"చెప్పండి. లైటా, డార్కా?"

మళ్లీ అదే. ఇప్పుడు వెనక ఎవరూ లేరు, ఎవరూ నిట్టూర్చడం లేదు, అయినా ఆమె నీళ్లు నమిలింది. ఎంత విచిత్రం! రోజూ అందరినీ అడిగే ప్రశ్న తనని అడిగితే లోపల ఖాళీగా ఉంది. వెతికితే భర్త ఇష్టం దొరికింది. కూతురి ఇష్టం దొరికింది. యజమాని టీలో పంచదార ఎంతో దొరికింది. తనది ఎక్కడ పెట్టిందో కనబడలేదు.

"నువ్వే చెప్పమ్మా, ఏది బావుంటుందో" అంది చివరికి. ఆ మాట తన నోట్లోంచి రావడం విని ఉలిక్కిపడింది. అచ్చం కుర్చీలో కూర్చున్న వాళ్ల గొంతే.

"నాకెలా తెలుస్తుంది మేడమ్, తాగేది మీరు" అంది ఆ అమ్మాయి. అని, రెండు బుల్లి గ్లాసుల్లో రెండు రకాల కాఫీ కొంచెం కొంచెం పోసి ముందు పెట్టింది. "ఇది మొదటిది, ఇది రెండోది. తొందరేం లేదు."

ఆమె మొదటిది తాగింది. పుల్లపుల్లగా, పండులాగా, బాగానే ఉంది. రెండోది తాగింది. చేదు. నాలుక మీద పడి, వెనక్కి వెళ్లి, గొంతు దిగాక కూడా అక్కడే ఉండిపోయింది. ఆమె కళ్లు మూసుకుంది.

"మొదటిది ఇంకోసారి" అంది.

ఏప్రన్ అమ్మాయి మళ్లీ పోసింది. ఈసారి తేడా తెలిసింది. మొదటిది నాలుక మీద నుంచి అలా జారిపోయింది. రెండోది తనకి కావాలి. ఇందులో ఎవరూ సలహా ఇవ్వనక్కర్లేదు, ఎవరూ సరే అననక్కర్లేదు. ఆకులు విడివిడిగా కనబడ్డట్టే ఉంది.

"రెండోది" అంది. "తీపి వద్దు. ఐసు నిండా వెయ్యి. మీగడ పైనే ఉండాలి. కలపకూడదు."

అప్పుడే వెనక నుంచి భర్త వచ్చాడు. "ఏమిటోయ్ ఇంతసేపు? వాడు బల్ల వాళ్లకి ఫోన్ చెయ్యాలట, పొద్దున్నే తెమ్మననా అని అడుగుతున్నాడు. నీ తరఫున నేనే సరే అన్నానులే."

"సరే అనొద్దు" అంది ఆమె. "ఆ గది ఇవ్వను."

"అంటే?"

"అది నా గది. కుర్చీ కిటికీ దగ్గరే ఉంటుంది. మీ తమ్ముడు తన గదిలో పని చేసుకోవచ్చు, లేదా మీ గదిలో చేసుకోవచ్చు. నాకు ఎక్కడైనా ఒకటి కాదు."

ఆయన మొహం చిన్నబోయింది. చెడ్డవాడు కాదు. ఆమె మాటకి ఆయన చెయ్యెత్తడు, కేకలెయ్యడు. అయోమయంలో మాత్రం పడ్డాడు. అలవాటైన మెట్టు ఒకటి కాలి కింద లేకపోయినట్టు అటూ ఇటూ చూశాడు. ఏం చెయ్యాలో తోచక, తనకి బాగా తెలిసిన పని చేశాడు. కౌంటరు వైపు తిరిగి, "ఆమెకి ఎండ దెబ్బ తగిలినట్టుందమ్మా. ఆ మొదటిదే ఇచ్చెయ్, చేదు తాగలేదు" అన్నాడు.

ఏప్రన్ అమ్మాయి కదల్లేదు. ఆమె వైపు చూసింది.

ఆమె గొంతు పెంచలేదు. ఎన్నో ఏళ్లుగా చీకటి గదిలో ఎందరికో చెప్పిన మాట, అదే మర్యాదతో, అంతే మెల్లగా వచ్చింది.

"మీరు కాసేపు బయట కూర్చోండి. పిలుస్తాను."

ఆ గొంతులో ఆయనకి తెలిసిన భార్య లేదు, ఎదురు చెప్పడానికి దారీ లేదు. తలుపు తీసుకుని నిజంగానే బయటికి వెళ్లి, గుమ్మం పక్క బెంచీ మీద కూర్చున్నాడు. అద్దంలోంచి చూస్తే, పిలుపు కోసం కూర్చున్న మనుషులు ఎలా ఉంటారో అలాగే, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. మూల బల్ల దగ్గర మరిది పెన్ను పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. కూతురు ఫోన్ పక్కన పెట్టేసి వాళ్లమ్మనే చూస్తోంది.

గ్లాసు వచ్చింది. కింద నలుపు, పైన తెలుపు. పోగులు దిగడం మొదలైంది. ఆమె కౌంటరు దగ్గరే ఎత్తు స్టూలు మీద కూర్చుని, మొదటి గుక్క తాగే ముందు కాసేపు ఊరికే దాన్ని చూసింది. మీగడలో చిటికెడు ఉప్పు వేస్తారు కాబోలు, ఉప్పగా పెదవికి తగిలింది, దాని వెనకే చేదు వచ్చింది. మూతికి నిజంగానే అంటుకుంది. తుడుచుకోలేదు.

పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. అత్తగారు. సంచీ చంకలో ఇరికించుకుని ఉంది. ఇప్పుడు మొదలవుతుందనుకుంది ఆమె. నలుగురిలో మొగుణ్ణి బయటికి పంపిన కోడలికి అత్తగారు ఏం చెప్తుందో ఊహించుకోవడం కష్టమేం కాదు. జవాబు కూడా సిద్ధం చేసుకుంది.

అత్తగారు గ్లాసు వైపు చూసింది. మీగడ దిగుతున్న వైపే చూసింది. పాల గ్లాసు బల్ల మీద తాగకుండా అలాగే మిగిలి ఉంది, మీద మీగడ తరక కట్టింది.

"నాకు పాలు పడవు అమ్మాయ్" అంది అత్తగారు, ఎవరి గుట్టో చెప్తున్నట్టు గొంతు తగ్గించి. "ఎప్పుడూ పడలేదు. వాడి నాన్న నాకు మంచివని అనేవాడు."

ఆమె బల్ల మీద మిగిలిన ఆ పాల గ్లాసు వైపు చూసింది. ఇన్నేళ్లూ రోజూ రాత్రి ఆ పాలు వేడి చేసి మంచం పక్కన పెట్టింది తనే.

"మరి ఏం తాగుతారు అత్తయ్యా?"

"నాదేముందే. ఏదైనా..." అని అత్తగారు ఆగిపోయింది. అలవాటుగా తల తిప్పి కొడుకు కోసం వెతికింది. కొడుకు అద్దం అవతల, బెంచీ మీద ఉన్నాడు.

ఆమె స్టూలు దిగి అత్తగారిని దాని మీద కూర్చోబెట్టింది. ఏప్రన్ అమ్మాయి ఎవరూ చెప్పకుండానే రెండు బుల్లి గ్లాసులు నింపి ముందుకి జరిపింది. అత్తగారు ఒకటి తాగింది, మొహం చిట్లించింది. రెండోది తాగింది. రెండు గ్లాసులనీ మార్చి మార్చి చూసింది. షాపులో ఐసు మర ఆగి ఆగి మోగుతోంది. మరిది అక్కడి నుంచి ఏదో అడిగాడు, ఎవరూ అటు తిరగలేదు. ఆమె తొందరపెట్టలేదు.

"మొదటిది" అంది అత్తగారు, చాలాసేపటికి, చాలా చిన్న గొంతుతో. "ఇంకోసారి ఇయ్యవే."